ఆలివ్ తోటలో తెల్ల నవారు

మా తోటలో యుద్ధం రెండుసార్లు జరిగింది. మొదటిసారి నేను చూడలేదు. ఊరందరితో పాటు కొండ వెనక గుహలో ఉన్నాను. రెండోసారి దగ్గరుండి చూశాను. నేను భయపడింది ఆ రెండోసారే.

మొదటిది డిసెంబరులో. మేం గుహలోంచి బయటికి వచ్చేసరికి మా ఊరు రొక్కసోర్దాలో కప్పుతో నిలబడ్డ ఇళ్ళు ఏడు. ఆ ఏడింటిలో మాది లేదు. మాకు మిగిలింది వంటగది. మూడు గోడలు, పొయ్యి, సగం కప్పు. తక్కిన సగానికి సైన్యం పారేసిన గుడారం గుడ్డ బిగించాను. అందులో ముగ్గురం ఉండేవాళ్ళం, నేను, నా భార్య ఎర్సీలియా, మా అమ్మ మద్దలేనా. ఎర్సీలియాకు ఏడో నెల. అంతకుముందు ఇద్దరు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు.

ఇల్లు పోయినందుకు అమ్మ ఏడవలేదు. పెట్టె కాలిపోయినందుకు ఏడ్చింది. పుట్టబోయే బిడ్డకు చుట్టడానికి ఎర్సీలియా వాళ్ళమ్మ నేసి పంపిన గుడ్డ పట్టీలు అందులో ఉన్నాయి.

"పట్టీలు లేకుండా బిడ్డను ఎట్లా పెంచుతావే? చంకల కాడినుంచి మడమల దాకా బిగించి చుట్టకపోతే ఎముక నిలుస్తుందా?" అని రోజూ పొయ్యి దగ్గర మొదలుపెట్టేది. "ఇదిగో వీణ్ణి చూడు. ఆరు నెలలు చుట్టాల్సినవాణ్ణి కోతల పనిలో పడి నాలుగో నెలకే విప్పేశాను. అందుకే కంచరగాడిద తన్నడానికి వెతికి వెతికి వీడి మోకాలే చూసుకుంది."

"ఆ గాడిదకు కట్టి ఉంటే సరిపోయేది కదత్తా పట్టీలు," అంది ఎర్సీలియా.

"నవ్వు. ఇద్దర్ని పాతిపెట్టినదానివి, ఇంకా నవ్వు."

ఎర్సీలియా నవ్వు ఆపేసింది. మొక్కజొన్న సంకటి కలుపుతున్న తెడ్డు మాత్రం ఆపలేదు. ఆ మాట ఆమెలో ఎంత లోతుకు దిగిందో నేను చూశాను. ఏమైనా అని ఉండాల్సింది. నాకు మాటలు తొందరగా రావు. చిన్నప్పటినుంచీ అంతే.

జర్మన్లను తరిమి అమెరికా సైన్యం ముందుకు కదిలిపోతూ వదిలేసిన వాటితోనే మా ఊరు మళ్ళీ బతకడం మొదలుపెట్టింది. డబ్బాలు గిన్నెలయ్యాయి. తూటాల పెట్టెలు తలుపులయ్యాయి. అన్నిటికంటే పనికొచ్చింది తెల్ల నవారు. మందుపాతరలు తీసేసిన దారికి రెండు పక్కలా సైనికులు ఆ నవారు పరిచేవాళ్ళు. రెండు గీతల మధ్య నడిస్తే బతుకుతావు, అంతే. సైన్యం వెళ్ళిపోయాక అది అక్కడే బురదలో పడి ఉండేది. మూడు వేళ్ళ వెడల్పు, మంచి నూలు. దాంతో ద్రాక్షతీగలు కట్టాం, గాడిదలకు జీను పట్టెడలు చేశాం. ఫాదర్ గారి అంగీ నడుముకు కూడా అదే. సైన్యం సొత్తు ముట్టుకున్నవాళ్ళను సైనిక కోర్టులో నిలబెడతామని చర్చి తలుపు మీద కాగితం ఉంది. లారీ టైరు తీసినందుకు పక్క ఊరివాళ్ళిద్దరు జైల్లో ఉన్నారు కూడా. కానీ నవారును ఎవరూ సొత్తు అనుకోలేదు. చెట్టుకింద రాలిన కాయ ఏరుకున్నవాడిదే, ఇదీ అంతే అనుకున్నాం.

జనవరి చివర్లో సినిమావాళ్ళు వచ్చారు. రెండు జీపులు, ఒక లారీ, మూడు కెమెరాలు. వాళ్ళ పెద్ద మేజర్ హాల్‌స్టెడ్. హాలీవుడ్‌లో గుర్రాల సినిమాలు తీసేవాడట. ఆ సంగతి చెప్పినవాడు దుబాసీ జెన్నారో. అమెరికాలో పుట్టిన కార్పొరల్. మా భాష వాళ్ళ నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడు. అందుకే పాతికేళ్ళ మనిషి పళ్ళూడిన ముసలమ్మలా మాట్లాడేవాడు. ఊళ్ళో ప్రతి మగవాణ్ణీ బావా అనేవాడు.

మొదటిరోజే ఒక సైనికుడు గొడ్డలి పట్టుకుని మా తోట కింది గోడ దగ్గరికి వచ్చాడు. కెమెరాకు గోడ ఇవతలి ఆలివ్ చెట్టు ఒకటి అడ్డం వస్తోందట. నేను వెళ్ళి అతనికీ చెట్టుకీ మధ్య నిలబడ్డాను.

"ఏం బావా, అది నీ చుట్టమా?" అన్నాడు జెన్నారో.

నేను కెమెరా వెనక్కి పోయి, అది చూస్తున్నవైపు చూసి, తిరిగొచ్చి రంపంతో రెండు కొమ్మలు కోశాను. వేలంత లావువి. మేజర్ వంగి కెమెరాలోంచి చూశాడు. లేచి ఏదో అన్నాడు.

"వాళ్ళ హాలీవుడ్‌లో కొమ్మ అడ్డమొస్తే అడవి కొట్టేస్తారంట. నిన్ను తనతో ఉండమంటున్నాడు. రోజుకు నాలుగు మాంసం డబ్బాలు. వస్తావా?"

తల ఊపాను.

"మాట్లాడు బావా. ఒప్పుకున్నట్టా, నన్ను తిట్టుకున్నట్టా?"

"వస్తా," అన్నాను.

డిసెంబరులో అసలు దాడి జరిగినప్పుడు కూడా మేజర్ ఇక్కడే ఉన్నాడు. అప్పుడు తీసిన ఫిలిం కడిగి చూస్తే బురద, పొగ, ఊగిపోయే ఆకాశం తప్ప ఏమీ రాలేదట. ఇద్దరు కెమెరావాళ్ళు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారు. యుద్ధం ఎలా ఉంటుందో ఇళ్ళ దగ్గర ఉన్నవాళ్ళకు చూపించమని పైనుంచి ఉత్తర్వు. అందుకని ఆ రోజు మా తోట ఎక్కినవాళ్ళలోంచే ముప్పై రెండు మందిని తెచ్చి, అదే తోట మళ్ళీ ఎక్కిస్తారు. మేజర్ మెడలో తాడుకు నల్ల అద్దం ఒకటి వేలాడేది. దాన్ని కంటికి పెట్టుకుని మబ్బుల్ని చూస్తూ ఉండేవాడు. ఒకసారి జెన్నారో దగ్గర లేనప్పుడు నా పక్కన గోడమీద కూర్చుని, తోటవైపు చేయి చూపిస్తూ చాలాసేపు ఏదో చెప్పాడు. నాకు ఒక్క ముక్క తెలియలేదు. తప్పుడు తూకం వేసి, ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేని మనిషిలా ఉన్నాడు.

మా తోట కొండవాలున ఆరు మెట్లుగా ఉంటుంది, మెట్టు మెట్టుకీ ఒక రాతిగోడ. జర్మన్లు దాని నిండా మందుపాతరలు పాతి పోయారు. సినిమా కోసం సార్జెంట్ ఓల్సన్ అనే ఆయన వచ్చి ఒక పగలంతా పనిచేశాడు. పిడికి పళ్ళెం తగిలించినట్టున్న యంత్రంతో నేల వింటూ, కింది గోడ నుంచి ఆరో మెట్టు దాకా రెండు గజాల దారి తీసి, రెండు పక్కలా నవారు పరిచాడు. నేను గోడమీద కూర్చుని చూశాను. దారి సూటిగా పోలేదు. యంత్రం కూసిన చోటల్లా పక్కకు తిరిగింది. మా చెట్లకు పేర్లున్నాయి. పంతులుకు కుడిగా, కుంటిదానికి ఎడమగా, విధవరాలిని ఆనుకుని పైకి. పద్నాలుగో ఏటి నుంచీ నేను కొమ్మలు కోస్తున్న చెట్లు. ఏ మలుపు ఏ చెట్టు దగ్గరో అట్లా గుర్తుండిపోయింది, కావాలని పెట్టుకున్నది కాదు.

నాలుగో మెట్టు దాకా. అక్కడికి ఓల్సన్ చేరేసరికి అమ్మ కేకేసింది, ఎర్సీలియాకు నొప్పులని. పరుగెత్తాను. నొప్పులు కావు. నేను తిరిగి వచ్చేసరికి ఆయన సామాను సర్దుకుంటున్నాడు.

"నిజం యుద్ధంలో తెల్ల గీతలెక్కడివి?" అన్నాడు జెన్నారో ఆ సాయంత్రం. "అవి సినిమాలో పడితే పరువు పోదూ? షాట్‌కు ముందు ఓల్సన్ నవారు లేపేసి గడ్డిలో సన్న తీగ పరుస్తాడు. సైనికులకు కనపడుద్ది, కెమెరాకు కనపడదు."

తర్వాత రెండు రోజులు వాన. మేజర్ నల్ల అద్దం జేబులో పెట్టుకుని గుడారంలో కూర్చున్నాడు.

మూడోరోజు తెల్లవారేసరికి ఆకాశం కడిగి ఆరేసినట్టుంది. నేను లేచేసరికి పొయ్యి మీద కట్టిన తాడుకు తెల్ల పట్టీలు వేలాడుతున్నాయి. బూడిదనీళ్ళలో ఉడికించినవి. ఇంకా చుక్కలు కారుతున్నాయి. అమ్మ వాటికింద పీట వేసుకుని కూర్చుంది. గుహలోంచి వచ్చాక ఆమె ముఖం అంత తేటగా ఉండగా నేను చూడలేదు.

"నీ పెళ్ళానికి తెలివుందిరా చెసీదియో. ముగ్గురు బిడ్డలకు సరిపోయేటంత తెచ్చింది."

"నిన్న సాయంత్రం వాన వెలిసినాక పోయి చుట్టుకొచ్చా," అంది ఎర్సీలియా. పట్టీ కొసను రెండు వేళ్ళతో సాగదీసి చూపించింది. "చూడు, బురద కూడా పట్టలేదు. కొత్తది కొత్తట్టే ఉంది."

బాగుందన్నట్టు తల ఊపి, రంపం, కత్తి నడుముకు తగిలించుకుని వచ్చేశాను. బురద పట్టలేదన్న మాట నన్ను గడప దగ్గరే ఆపి ఉండాల్సింది.

తోట కింద ముప్పై రెండు మంది గోడకు ఆనుకుని సిగరెట్లు కాలుస్తున్నారు. ఎవరూ తోటవైపు చూడటం లేదు. కెమెరాలు మూడూ కాళ్ళమీద నిలబడ్డాయి. మేజర్ అద్దంలోంచి చూస్తున్నాడు. పడమటి వైపు మబ్బు ఒకటి లేస్తోంది.

ఓల్సన్ కనిపించలేదు.

"ఓల్సన్ ఏడీ?" అన్నాను.

నేను ముందుగా ఒక మాట అడగడం జెన్నారోకు వింతగా ఉంది. "అమ్మో, ఇయ్యాల వాన ఖాయం. నదిమీద వంతెన పోయిందని నిన్న మధ్యాన్నమే పిలిపించుకున్నారంట. పదింటికి వస్తానని కబురు. అయినా ఆయనతో పనేముంది? పోయేముందే కానిచ్చి పోయినట్టున్నాడు. చూడు, నవారు లేదుగా."

చూశాను. మొదటి మెట్టు నుంచి ఆరో మెట్టు దాకా తడిగడ్డి, చెట్లు. తెల్లటిది ఏదీ లేదు.

పొయ్యి మీద చుక్కలు కారుతున్న పట్టీలు గుర్తొచ్చాయి.

లెఫ్టినెంట్ ఒకడు సైనికుల మీద ఏదో అరిచాడు. తీగ వెతుక్కోమంటున్నాడని జెన్నారో చెప్పాడు. ముందున్నవాడు వంగి గడ్డి కెలికి, చేయి పైకెత్తాడు. దొరికింది. నల్ల తీగ. ఆ తీగ నాకు తెలుసు. జర్మన్లు టెలిఫోనుకు వేసుకున్నది. డిసెంబరు నుంచీ అక్కడే ఉంది. పంతులు పక్కనుంచి సూటిగా తోటకు అడ్డంపడి పోతుంది. అట్లాంటి తీగలు మా తోటలో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు.

నోరు తెరిస్తే మొదట బయటపడేది ఎర్సీలియా పేరు. చర్చి తలుపు మీది కాగితం కళ్ళముందు ఆడింది. ఎనిమిదో నెల కడుపుతో, జైల్లో, చలికాలం.

తోటలోకి నడిచాను.

"బావా! ఎక్కడికి? కెమెరాలో ఉన్నావు!" అని జెన్నారో. వెనక మేజర్ గొంతు కూడా లేచింది. ఆగలేదు. పంతులు కొమ్మ రెండు ముక్కలు కోసి దారికి అటొకటి ఇటొకటి గుచ్చాను. ఆలివ్ తోటలో ఆలివ్ కొమ్మలే కదా, కెమెరాకు అభ్యంతరం ఉండదు. కుంటిదానికి ఎడమగా. మళ్ళీ రెండు. విధవరాలిని ఆనుకుని. ప్రతి అడుగూ వేసి, రెండో కాలు లాక్కునేముందు ఊపిరి బిగబట్టాను. ఆరో మెట్టు దాకా ఇట్లా పోగలిగితే ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పనుండదు. మధ్యాహ్నానికి అంతా అయిపోతుంది. పట్టీలు ఆరతాయి. అదే తలలో పెట్టుకుని ఎక్కాను.

నాలుగో మెట్టు మీద తోడికోడళ్ళు ఉన్నాయి. రెండు చెట్లు, ఒకదానికొకటి వీపు పెట్టి పెరిగినవి. అందుకే ఆ పేరు. దారి వాటికి కుడిగా పోయిందో ఎడమగా పోయిందో నేను చూడలేదు.

వంగి నేల చూశాను. రెండు రోజుల వాన అన్నిటినీ నున్నగా తుడిచేసింది. ఎడమ వైపు గోడ ఛాతీ ఎత్తుంది. కుడివైపు గోడ కూలి, రాళ్ళు మెట్లలా పడి ఉన్నాయి. బరువు మోసుకుని ఎక్కే మనిషి ఎటు పోతాడో, కుంటికాలి మనిషి ఎటు పోతాడో చెప్పాల్సిన పనిలేదు. కాలెత్తాను.

మళ్ళీ ఎక్కడినుంచి ఎత్తానో అక్కడే దించాను.

కింద ముప్పై రెండు ముఖాలు నన్నే చూస్తున్నాయి. వాళ్ళ నోళ్ళలో సిగరెట్లు లేవు. అప్పటికి వాళ్ళకు ఏదో అర్థమైంది, మేజరుకంటే ముందే. నేను ఎప్పుడూ అరిచినవాణ్ణి కాదు. అరవాల్సి వచ్చింది.

"జెన్నారో! ఎవర్నీ ఎక్కనీయకు! ఆ తీగ ఓల్సన్‌ది కాదు!"

"మరి నవారు ఎవరు తీశారు?"

గుడారాల దగ్గర ఊరివాళ్ళు కొందరు నిలబడి ఉన్నారు. ఫాదర్ గారు కూడా.

"మా ఆవిడ దగ్గరుంది," అన్నాను. "నాకు ఇక్కడి దాకే తెలుసు. పైన ఎటో ఆమెకు తెలుసు."

గుచ్చిన కొమ్మల మధ్యనుంచి దిగాను. ఎక్కినప్పటికంటే దిగేటప్పుడు ఎక్కువ భయమేసింది. గోడ చేరేసరికి, ఊరివాళ్ళెవరో పరుగెత్తి చెప్పినట్టున్నారు, ఎర్సీలియా వస్తోంది, ఒక చేయి నడుముమీద, రెండో చంకలో తడి పట్టీల చుట్ట. వెనకే అమ్మ.

"ఎడమకు!" అని దూరం నుంచే అరిచింది ఎర్సీలియా. "తోడికోడళ్ళకు ఎడమకు! గోడ పట్టుకుని పైకి! నేను గీతల మధ్యనే నడిచి చుట్టుకొచ్చా, నాకు తెలుసు. అందరి మాదిరే పారేశారనుకున్నా. లారీ ఎల్లిపోయింది కదా, ఇంక మనదే అనుకున్నా..."

గోడ చేరి ఆగింది. ముప్పై రెండు మందినీ చూసింది. ఆ తీగ పట్టుకుని ఉన్నవాణ్ణి చూసింది. వాడు ఇంకా వదల్లేదు దాన్ని.

లెఫ్టినెంట్ కాగితం, పెన్సిల్ తీశాడు.

"నీ పేరు అడుగుతున్నాడమ్మా," అన్నాడు జెన్నారో. వాడికి నవ్వు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎర్సీలియా. రాసుకోమను. ఆడవాళ్ళ పేర్లు రాసుకోడానికా సముద్రం దాటొచ్చింది?"

"నా పేరు రాయి!" అని అమ్మ మధ్యలోకొచ్చింది. "నేను తెమ్మంటేనే తెచ్చింది. దానికంత తెలివెక్కడిది? మద్దలేనా అని రాయి. ముసిల్దాన్ని, జైల్లో తిండి కూడా ఎక్కువ తినను!"

లెఫ్టినెంట్ రెండు పేర్లూ రాసుకున్నాడు.

మేజర్ వచ్చి ఎర్సీలియా చంకలోని చుట్ట చూశాడు. కొస పట్టుకుని వేలితో రుద్దాడు. ఏమిటిదని అడిగాడు. అమ్మ చేతులతో గాలిలో బిడ్డను చుట్టి చూపించింది, చంకల నుంచి మడమల దాకా, ఒక్కొక్క చుట్టూ వదలకుండా. ఆయన చివరి చుట్టు దాకా చూశాడు. తర్వాత లెఫ్టినెంటుతో రెండు మాటలన్నాడు.

"ఏమన్నాడు?" అడిగాను.

"నవారు తీయమని చెప్పింది నేనే కదా, అన్నాడు. మూడు రోజుల్నుంచి అందరికీ అదే చెబుతున్నాను, అన్నాడు."

లెఫ్టినెంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు.

ఓల్సన్ పదింటికి రాలేదు, పదకొండింటికి వచ్చాడు. విషయం విని యంత్రం బిగించుకుని పైకి పోయాడు. తోడికోడళ్ళకు కుడివైపు, ఆ మెట్ల రాళ్ళ కింద, అది రెండుసార్లు కూసింది. పాలడబ్బాలంత ఉన్నాయి అవి. గడ్డిమీద పక్కపక్కన పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. తర్వాత ఎర్సీలియా దగ్గరకొచ్చి చేయి చాచాడు. ఆమె చుట్ట ఇచ్చేసింది. ఇంత తెల్లటి నవారు తమ సైన్యంలో లేదని జెన్నారోతో చెప్పించాడు. ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం మబ్బు పక్కకు తొలగింది. షాట్ తీశారు. మూడో మెట్టు మీద ఒకణ్ణి పడిపొమ్మంటే, అక్కడ కాదు, అక్కడ నా దోస్తు పడ్డాడు అన్నాడట. మేజర్ వాణ్ణి దారిలోనే పది అడుగులు ముందుకు జరిపాడు. అప్పుడు పడ్డాడు. ముప్పై రెండు మంది అరుచుకుంటూ, కొందరు కూలిపోతూ, తోడికోడళ్ళకు ఎడమగా గోడ ఎగబాకి పోయారు. మేజర్ చాలన్నాక చచ్చినవాళ్ళు లేచి ప్యాంట్లు దులుపుకున్నారు. కింద గోడ దగ్గర ఎర్సీలియా, అందరూ దిగి వచ్చేదాకా నిలబడే ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో వేలు మడుస్తోంది.

ఆ రోజునుంచి ఆమె నాతో మాట్లాడలేదు.

అమ్మ మాట్లాడింది. "పుట్టినప్పటినుంచీ నోట్లో నాలిక లేనోడివి. ఒక్కసారి తెరిచావు, ఊరందరి ముందర పెళ్ళాం పేరు చెప్పడానికి!" అని పొయ్యిదగ్గర పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. జెన్నారో ఆసుపత్రినుంచి కట్టుగుడ్డ చుట్టలు తెచ్చిస్తే, దెబ్బలకు కట్టేది బిడ్డకు కడతానా అని వాకిట్లోకి విసిరింది. రోడ్డుమీద జీపు చప్పుడైతే చాలు, ఎర్సీలియాను పొయ్యి వెనక్కి నెట్టి తను గుమ్మంలో నిలబడేది. రోజుకు ఇరవై జీపులు పోయేవి మా రోడ్డుమీద. నేను గోడ ఇవతలి చెట్టుమీద ఉండి ఒక్కొక్కటీ మా మలుపు దగ్గర తిరుగుతుందా, సూటిగా పోతుందా అని చూసేవాణ్ణి. చేతిలో రంపం ఆగిపోయేది. సూటిగా పోయాక మళ్ళీ కదిలేది. బిడ్డ మార్చిలో పుట్టింది, ఆడపిల్ల, పట్టీలు లేకుండానే పెరిగింది, నాకంటే తిన్నగా నడుస్తుంది. కానీ ఆ ఫిబ్రవరిలో మాకు అదేమీ తెలియదు కదా. సంకటి మూడు గిన్నెల్లో పెట్టి, నా గిన్నె నా ముందుకు తోసి, ఎర్సీలియా గోడవైపు తిరిగి తినేది.

తొమ్మిదో రోజు జెన్నారో మా ఇంటికొచ్చాడు. జీపులో వచ్చాడు. అమ్మ గుమ్మం వదల్లేదు.

"పిన్నీ, నేనే. బేడీలు తేలేదు," అన్నాడు. రేపు వెళ్ళిపోతున్నారట. చివరగా ఒక్క షాట్ మిగిలింది. ఊరివాళ్ళు మళ్ళీ తోటల్లో పని మొదలుపెట్టినట్టు. నేను చెట్టుమీద కొమ్మలు కోయాలి. కింద ఎర్సీలియా ఏరాలి. "ఒక్కసారి తలెత్తి మొగుడి వైపు చూసి నవ్వాలంట. అంతే. మేజర్ ప్రత్యేకంగా మీ ఇద్దర్నే అడిగాడు."

"ఆ కాగితం?" అంది అమ్మ.

"మేజర్ తీసుకున్నాడంట లెఫ్టినెంట్ దగ్గర్నుంచి. ఇప్పుడు ఎక్కడుందని అడిగితే, వెతకాలి అన్నాడు. ఆయన దగ్గర వెతకాల్సిన కాగితాలు చాలా ఉన్నాయి పిన్నీ."

అమ్మ గుమ్మంలోంచి జరిగింది. ఎర్సీలియా తలగుడ్డ సవరించుకుని, నావైపు చూడకుండా, నాకంటే ముందు నడిచింది.

కింది మెట్టు మీద, దారి పక్కనే ఉన్న పంతులు ఎక్కాను. ఎండ బాగుంది. మేజర్ అద్దంలోంచి చూసి చేయి దించాడు. కెమెరా గరగరమంది. దానికి చెవులు లేవు, మేం ఏం మాట్లాడుకున్నా ఫరవాలేదు, పెదవులు మాత్రం కదలాలి అన్నాడు జెన్నారో. నేను ఒక కొమ్మ కోసి కింద పడేశాను. ఎర్సీలియా దాన్ని చంకలో పెట్టుకుంది. ఇంకొకటి కోశాను.

ఆమె తలెత్తింది.

"ఆ తోడికోడళ్ళ కాడ," అంది, "కాలెత్తినావంటగా. ఎటు పోదామని?"

అబద్ధం చెప్పడానికి కూడా నాకు మాటలు తొందరగా రావు.

"కుడికి," అన్నాను.

ఆమె నావైపు అట్లాగే చూస్తూ నిలబడింది. చంకలోని కొమ్మలు ఒక్కొక్కటే జారి కాళ్ళ దగ్గర పడ్డాయి. ఏరుకోలేదు. నవ్వమని జెన్నారో కింద్నుంచి గొణుగుతున్నాడు, నవ్వమ్మా, ఒక్కసారి. నవ్వలేదు. మేజర్ వాడి భుజంమీద చేయి వేసి ఊరుకోమన్నాడు. చాలనలేదు. కెమెరా తిరుగుతూనే ఉంది.

"దిగు," అంది ఎర్సీలియా. "జాగ్రత్తగా దిగు."